పొగ లేని పొగాకు

పొగాకు అను మన మాటలోనే యొక మోసము దాగియున్నది. పొగ నిచ్చు ఆకు గనుక పొగాకు. కావున పొగ లేనిచోట పొగాకును లేదని మనవారు పెక్కు తరములు భావించుచు వచ్చిరి. చుట్ట కాల్చువాని చెంత కూర్చుండుటకు ఒల్లని శ్రోత్రియుడు సైతము రొంటిని నస్యపు బరిణెను దోపుకొని, తర్కపాఠము నడుమ ఒక పట్టు ముక్కున నెక్కించుట మన యగ్రహారములలో వింత కాదు. తమలపాకులో ఇంత పొగాకు తునకను చుట్టి దవడ నుంచుకొను ముత్తవ్వకు పొగాకు అలవాటున్నదని ఇంటివారెవ్వరును చెప్పుకొనలేదు. ఆమె తాంబూలము వేసికొనుచున్నదనియే చెప్పిరి. నేటికిని పొగ త్రాగరాదను పలక క్రింద కూర్చుండి పొడుము పీల్చువాడు తాను నియమము తప్పుచున్నానని తలపడు. ఆ పలకలోని మాటలను బట్టి చూచిన నతడు తప్పుటయు లేదు.

ఈ మాటువలన మేలు కలిగినది అమ్మువారికి. కీడు కలిగినది మానదలచినవారికి. ముప్పదియేండ్లు పొడుము పీల్చియో, ఆకు నమలియో, ఒకనాడు దానిని విడువ నెంచినవానికి మొదటి యడ్డంకి దేహములో నున్నది. దానిని వైద్యులు వివరింతురు. రెండవ యడ్డంకి పేరులోను, మర్యాదలోను నున్నది. దానిని వివరింపవలసినది చరిత్రము. కావున ముందుగా దానినే చెప్పుదును.

పొగాకు అమెరికాఖండపు మొక్క. 1492లో కొలంబసు ఆ తీరమును చేరువఱకు తక్కిన ప్రపంచము దాని నెఱుగదు. యూరపులో అది విలాసవస్తువుగా కంటె ముందు మందుగా పేరొందెను. 1560లో లిస్బను నగరమున ఫ్రెంచి రాయబారిగా నున్న జాన్ నికో యనునతడు దానిని తన దేశపు రాజమాతయగు కాథరిన్ ద మెదిచీకి పంపెననియు, ఆమె తలనొప్పికి దాని పొడుమును వాడెననియు చెప్పుదురు. ఈతని పేరే తరువాత ఆ మొక్క శాస్త్రనామమునకును, అందలి విషమునకును ఎక్కినది. మన దేశమునకు దానిని పోర్చుగీసువారు తెచ్చిరి. అక్బరు కొలువులోని అసద్ బేగు 17వ శతాబ్దపు తొలియేండ్లలో బిజాపురమునుండి తిరిగి వచ్చుచు పొగాకును తెచ్చి చక్రవర్తి కర్పించగా, రాజవైద్యుడు ఇది మన పెద్దలు గ్రంథములలో వ్రాసిన వస్తువు కాదని అడ్డు చెప్పెను. అక్బరు తాను దానిని అలవాటు చేసికొనలేదు గాని కొలువువారు దాని వెంట బడిరి. 1617లో జహంగీరు నిషేధాజ్ఞ చేసెను. అలవాటు ఆజ్ఞను లెక్కసేయక సాగిపోయెను.

గ్రంథములలో లేదని యా వైద్యుడు పలికిన మాట గట్టిది. అయితే మనవారు ఆ కొఱతను తీర్చిన తెఱగు చూడుడు. చరక సుశ్రుత సంహితలయందు నస్యమను చికిత్స కలదు. ఓషధులతో కాచిన నూనెనో, మూలికల పొడినో ముక్కు ద్వారమున ఎక్కించి శిరోరోగములను పోగొట్టు విధానమది, పంచకర్మలలో నొకటి. ఆ గ్రంథములు పుట్టినప్పుడు పొగాకు మన దేశములో లేదు, ఉండుటకు వీలును లేదు. కాని సముద్రము దాటి వచ్చిన ఈ పొడుమును ముక్కున నెక్కించుట మొదలిడిన పిదప దానికి ఆ పాత పేరే పెట్టిరి. పేరుతోబాటు ఋషుల గౌరవము కూడ దానికి సంక్రమించెను. జలుబునకు మంచిదనియు, తలభారము తీయుననియు, మెదడును పదును పెట్టుననియు ఆయుర్వేదపు నస్యమునకు చెప్పదగిన గుణములన్నియు దీనికి చెప్పబడెను. ఇంతకంటె చౌకగా నెవ్వడును బిరుదు సంపాదింపలేదు.

నమలెడి పొగాకు చేసినదియు నిదియే. తాంబూలము మనకు పొగాకుకంటె ఎన్నియో శతాబ్దములు పాతది. దేవునికి నివేదనానంతరము తాంబూలము, పెండ్లిపిలుపునకు తాంబూలము, పేరంటమున, పండితసత్కారమున, సంధి కుదిరినచోట తాంబూలము. ఆకు, వక్క, సున్నము అను మూడింటి నడుమ ఈ నాలుగవది ఎన్నడు చేరెనో ఎవ్వరును వ్రాసిపెట్టలేదు. చేరిన తరువాత మాత్రము తాంబూలమునకు గల మన్నన యంతయు దానికి కలిగెను. ఇచ్చిన తాంబూలమును కాదనుట ఇచ్చినవానిని కాదనుటయే గదా! కావున అలవాటు పడుటకు మర్యాద తోడ్పడెను. మానుటకు మర్యాదయే అడ్డు నిలిచెను.

దొరలకు సైతము పొడుము మర్యాదవస్తువే. 1702లో స్పెయిను దేశపు వీగో రేవున ఆంగ్లనౌకాదళము పట్టుకొన్న ఓడలలో పొడుము విస్తారముగా దొరకి, ఇంగ్లండు రేవులలో చౌకగా అమ్ముడుపోయి, ఆ దేశమున ఆ వాడుకను సామాన్యులవఱకు దింపెను. మూడవ జార్జి భార్యయగు షార్లెటురాణి పొడుమునకు పేరుపడినది. లండను దుకాణములలో మన బందరు పేర మసూలిపటం అను నొక రకము నస్యము అమ్ముచుండిరి. మన బందరు కలంకారీకి మాత్రమే ఖండాంతరఖ్యాతి గడించెనని గర్వించువారు దీనిని కూడ ఆ ఖాతాలో వ్రాసికొనవలసియుండును.

ఈ వాడుకను రాజులు, మతాధికారులు మాన్పజూచిన ప్రయత్నములు పెక్కులు. 1604లో ఇంగ్లండు రాజు మొదటి జేమ్సు పొగాకును దూషించుచు తానే యొక పుస్తకము వ్రాసి, దానిపై సుంకమును మిక్కిలిగా పెంచెను. రష్యాలో 1634లో నిషేధము పుట్టెను; ముక్కు కోయుట అచ్చటి శిక్షలలో నొకటి. 1642లో పోపు ఎనిమిదవ అర్బను సెవిలు మండలములోని దేవాలయములలో పొగాకు వాడువారిని మతమునుండి వెలివేయుదునని శాసించెను. 1725లో పోపు పదమూడవ బెనెడిక్టు పొడుము విషయమున ఆ కట్టడిని సడలించెను. ఆయనకును పొడుము అలవాటు కలదు. సుంకము, కత్తి, వెలి మూడును ఓడిపోయినవి.

ఆజ్ఞలు ఓడిన కాలముననే మన దేశమున నొక కట్టడి నిలిచినది. 1699లో గురు గోవిందసింగు ఖాల్సాను నెలకొల్పినప్పుడు విధించిన నిషేధములలో పొగాకు ఒకటి. అది నేటికిని సిక్కులలో గట్టిగా నున్నది. జేమ్సురాజునకు లేని బలము గురువునకు ఎచ్చటనుండి వచ్చెనని యడుగవచ్చును. భక్తి యనుట సులభమైన సమాధానము. నాకు మఱియొకటి తోచుచున్నది. ఆ సంఘములో పొగాకును నిరాకరించినవానికి మర్యాద పెరుగును గాని తఱుగదు. ఒంటరిగా మానువానికి ప్రతిదినము ఎదురగు మొగమాటము అచ్చట పుట్టదు. మన పండితసభలో నాలుగుదినములుగా నస్యము మానినవాని యెదుట స్నేహితుడు బరిణె మూత తెఱచి చేయి చాచినప్పుడు, వద్దని తల యూపుట యెంత కష్టమో అనుభవించినవారికే తెలియును.

ఒంటరిగా మానజూచినవారి కథలు సాధారణముగా ఎవ్వరును వ్రాయరు. అదృష్టవశమున ఒకటి మిగిలియున్నది. అదియు ప్రపంచములో మిక్కిలి సూక్ష్మదృష్టి గల యొక మహాపురుషుని గుఱించి. ప్రకృతిశాస్త్రవేత్తయగు చార్లెసు డార్విను ఎడింబరోలో వైద్యవిద్యార్థిగా నున్నప్పుడు, అనగా 1825-27 సంవత్సరములలో, పొడుము పీల్చుట నేర్చెను. అతని కుమారుడు ఫ్రాన్సిసు 1887లో ప్రకటించిన తండ్రి జీవితచరిత్రమున దీని ముచ్చట కొంత వ్రాసినాడు. బంధువురాలొకామె యిచ్చిన వెండి బరిణె డార్వినుకు మిక్కిలి ప్రియమైనది. అయినను దానిని వెంట నుంచుకొనుట అరుదు. దగ్గఱనున్నచో చేయి మాటిమాటికి అందులోనికి పోవునని యతని భయము. అందుచేత పొడుమును ఒక జాడీలో పోసి ఇంటి నడవలోని బల్లపై పెట్టించెను. పట్టు కావలెనన్న లేచి అంతదూరము నడువవలెను. ఆ నడకయే కొంత అడ్డగించునని ఆశ. జాడీ మూత చప్పుడు ఆ యింటివారికి బాగుగా పరిచయమైన చప్పుడట. సాయంకాలము అందఱతో కూర్చుండియుండగా, చదువుగదిలో నిప్పు ఆఱిపోవుచున్నదేమో చూచి వత్తునని లేచువాడట. పిల్లలు మేము చూచి వత్తుమని లేవగా, పెద్దాయనకు కావలసినది నిప్పు మాత్రమే కాదని తేలునట!

ఒకమాఱు ఇంటిలో పీల్చననియు, బయట మాత్రమే పీల్చుదుననియు నియమము పెట్టుకొనెను. ఆ ఫలితము కూడ వినదగినది. ఆ యూరి మతగురువు తన చదువుగదిలో నొక బరిణె నుంచెను. తోటలోనుండి సేవకుల నెవ్వరిని పిలువకయే ఆ గదిలోనికి పోవచ్చును. డార్విను తన యింటికి మునుపటికంటె తఱచుగా వచ్చి కొంతసేపు మాటాడిపోవుచుండెనని ఆ గురువు సంతోషముతో జ్ఞాపకము చేసికొన్నాడు. మఱియొకమాఱు డార్విను ఒక నెలపాటు పూర్తిగా మానెను. ఆ నెలలో తన యొడలు బరువెక్కి, బుద్ధి మందగించి, మనస్సు దిగులుపడి యున్నదని మిత్రునికి వ్రాసికొనెను.

జీవజాతుల పుట్టుకను విప్పి చెప్పినవాడు, ఎనిమిదేండ్లు ఓపికతో సముద్రపు బార్నకిల్ జీవులను కోసి పరీక్షించినవాడు సంకల్పబలము లేనివాడని ఎవ్వరును అనజాలరు. కావున పొడుము మానలేనివాని యెదుట మనము చేయు మొదటి యుపన్యాసము, అనగా నీకు పట్టుదల లేదను మాట, ఇచ్చట చెల్లదు. డార్వినుకు తెలియనిది ఒక్కటి యుండెను: ఆ దిగులు, ఆ మందత తన స్వభావము గాదు, మానుటచే కలిగిన తాత్కాలికవ్యాధి యని.

పొగాకులోని నికోటిను అను విషమును 1828లో హైడెల్బర్గులో పోసెల్టు, రైమను అను నిరువురు వేఱుచేసిరి. అది నాడులపై పని చేయు తెఱగును 1889లో కేంబ్రిడ్జిలో లాంగ్లీ, డికిన్సను అనువారు పరీక్షించి చూపునప్పటికి డార్విను మరణించి ఏడేండ్లయినది. మెదడులోని కొన్ని గ్రాహకములకు నికోటిను తగులుకొని వానిని ప్రేరేపించును. ఏండ్లకొలది వాడుకలో మెదడు దానికి సరిపడునట్లు తన్ను తాను మార్చుకొనును. ఒక్కమాఱు సరఫరా నిలిచినచో చిఱాకు, నిద్రలేమి, ఏకాగ్రత లేకుండుట, ఆకలి, విషాదము కలుగును. ఇవి మొదటి దినములలో హెచ్చుగానుండి, చాలమందికి మూడు నాలుగు వారములలో తగ్గిపోవును. ఇది తెలిసినవాడు ఆ నెలను జ్వరమువలె లెక్కించి గడుపును. తెలియనివాడు పొగాకు లేకున్న నా బుద్ధి ఇంతియే కాబోలునని బెదరి మరల బరిణె తెఱచును.

నమలువాని స్థితి ఇంకను చిక్కైనది. పొగ త్రాగువానికి విషము క్షణములలో మెదడున కెక్కి త్వరగా దిగును. దవడ నుంచుకొన్న పొగాకునుండి అది మెల్లగా ఎక్కి చాలసేపు నిలుచును. దినమునందు లోపలికి పోవు మొత్తము పొగ త్రాగువాని మొత్తమునకు తీసిపోదు. ఇందులో సున్నమునకును పాత్ర కలదు. క్షారము తగిలినప్పుడు నికోటిను నోటి లోపలి పొరగుండ సులభముగా రక్తములోనికి పోవును. తాంబూలమునకు సున్నము రుచి కొఱకని మనము తలంచితిమి. ఖైనీ నలుపువాడు అరచేతిలో సున్నము వేయుట వాడుక యనుకొంటిమి. వాడుక రసాయనశాస్త్రమును చదువకయే ఎఱిగినది.

ఇక కీడు మాట. ముక్కున పొడుము హెచ్చుగా వాడినవారికి కలుగు గడ్డలను గుఱించి లండనులో జాన్ హిల్లు 1761లోనే హెచ్చరించెను. మన ప్రాంతమున 1902లో మదరాసు వైద్యుడు నిబ్లాకు నోటి పుండ్లకును తాంబూలపు నమలునకును గల సంబంధమును గుర్తించి వ్రాసెను. 1933లో తిరువాన్కూరులోని నెయ్యూరు ఆసుపత్రిలోని ఆర్ అను వైద్యుడు తాంబూలము నమలువారి నోటి కాన్సరును గుఱించి వివరముగా ప్రకటించెను. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కాన్సరు పరిశోధనశాఖ 1985లో నోట వాడు పొగాకు కాన్సరునకు కారణమని నిర్ధరించెను. 2004లో పొగాకు లేని వక్క సైతము అట్టిదే యని తేల్చెను. ఈ రెండవ మాట మనవారికి మింగుడుపడలేదు. వక్క పెండ్లిపళ్లెములోనిది కదా!

కీడు చెప్పినంతనే జనులు మానుదురా యను ప్రశ్నకు ఉత్తరము మన శ్రీకాకుళము జిల్లాలో కొంత దొరకినది. 1970ల కడపట టాటా ప్రాథమిక పరిశోధనసంస్థవారు ఎఱ్ణాకుళము, శ్రీకాకుళము, భావనగరము అను మూడు జిల్లాలలో పొగాకు వాడెడి 36 వేలమందికి పైగా గ్రామీణులను ఎన్నుకొని, ఏటేట నోరు పరీక్షించుచు, మానుడని ముఖాముఖిగా చెప్పుచు వచ్చిరి. కేరళవారిలో తాంబూలముతో నమలుట మెండు; మన శ్రీకాకుళపు స్త్రీలలో అడ్డపొగ, అనగా చుట్ట కాలుచున్న కొనను నోటిలోపల పెట్టి పీల్చుట, మెండు. ఉపన్యాసము విని మఱచినవారికంటె, తన నోటిలోని తెల్లమచ్చను చూపించుకొని ఇది పొగాకువలన వచ్చినది, మానిన తగ్గవచ్చునని విన్నవారు ఎక్కువగా మానిరి, లేదా తగ్గించిరి. మానినవారిలో క్రొత్త మచ్చలు పుట్టుటయు తగ్గెను. చదువులేని పల్లెవారు మాటను గ్రహింపరను వాదమునకు ఇది తగిన జవాబు. కాకపోతే మాట చెప్పువాడు మరుసటి యేడు మరల వచ్చి అడుగవలెను.

మందు కూడ దొరకినది. దాని పుట్టుక చిత్రమైనది. 1967 ప్రాంతమున స్వీడను దేశములో జలాంతర్గామి నావికులు లోపల పొగ త్రాగ వీలులేక నమలు పొగాకును నోట నుంచుకొని తృప్తి పడుచుండుటను ఒక వైద్యశాస్త్రజ్ఞుడు గమనించి, ఓవె ఫెర్నో అను రసాయనశాస్త్రజ్ఞునికి తెలిపెను. నోటిద్వారా కొంచెము కొంచెముగా నికోటినును ఇచ్చినచో మనుష్యుడు పొగ లేక గడుపగలడని దీనివలన తోచినది. ఆ తలంపునుండి నికోటిను గల నమలుబంక పుట్టి, 1978లో స్విట్జర్లండులోను, 1984లో అమెరికాలోను వైద్యులచే ఇయ్యబడుటకు అనుమతి పొందెను. నమలు పొగాకు నేర్పిన పాఠమే నమలు పొగాకును మాన్పించు మందయ్యెను. మన దేశపు అత్యవసర ఔషధముల పట్టికలో 2022లో ఇట్టి చికిత్స చేర్చబడినది. కేంద్రప్రభుత్వము 2016లో ఒక ఉచిత దూరవాణి సహాయకేంద్రమును తెఱచినది. పొగాకు మానదలచినవారికి అచ్చటివారు నాళ్లు లెక్కించి మరల మరల పలుకరించి తోడ్పడుదురు. నస్యము మానుటకు ఫోను చేయుటా యని నవ్వు పెద్దలు కలరు. డార్వినుకు ఆ మతగురువు బరిణెకు బదులుగా ఇట్టి మిత్రుడు దొరకియున్నచో ఎట్లుండెడిదో వారు ఆలోచింపవలెను.

మానవలెనను కోరిక లేదనుకొందుమేమో, అదియు నిజము కాదు. 2016-17లో జరిగిన దేశవ్యాప్త పరిశీలనలో పదునైదేండ్లు దాటినవారిలో నూటికి 21.4 మంది పొగ లేని పొగాకును వాడుచున్నట్లు తేలినది. 2009-10లో ఆ లెక్క 25.9. వాడుచున్నవారిలో దాదాపు సగము మంది మానవలెనని తలంచుచున్నట్లు చెప్పిరి. అడిగినప్పుడు తలంపు చెప్పినంత సులభముగా అడుగు పడదు. వారిలో పెక్కురు చూచిన వైద్యుడు చుట్ట, బీడి, సిగరెట్టు అలవాటున్నదా యని యడిగి, లేదన్న జవాబు విని, కాగితముపై పొగాకు లేదని వ్రాసికొనియుండును. మనము మొదట చెప్పుకొన్న మాటమోసము ఆసుపత్రిదాక నడచివచ్చినది.

చట్టమును అంతదాక వచ్చినదే. 2011లో వచ్చిన ఆహారనియమములు తినుబండారములలో పొగాకు గాని నికోటిను గాని కలుపరాదని విధించినవి. ఆ నియమమును బట్టి 2012 నుండి రాష్ట్రములు ఒకటొకటిగా గుట్కాను నిషేధించినవి. అప్పుడు వర్తకులు ఒకే పొట్లములో నున్నదానిని రెండు పొట్లములుగా చేసిరి. ఒకదానిపై పాను మసాలా యని, రెండవదానిపై జర్దా యని అచ్చువేసిరి. మొదటిదానిలో పొగాకు లేదు గనుక ఆహారము. రెండవది ఆహారము కాదు గనుక ఆ నియమమునకు లోబడదు. 2016లో సర్వోన్నత న్యాయస్థానము ఈ జంటపొట్లముల సంగతిని గమనించి నిషేధమును గట్టిగా అమలు జరుపుడని ఆజ్ఞాపించెను. ఆ తరువాతను బస్సు నిలుచు చోటనున్న చిన్నదుకాణములలో ఆ రెండు సరములు ఒకదానిప్రక్క నొకటి, కాఫీ పుచ్చుకొనువాని కంటి యెత్తుననే వ్రేలాడుచు వచ్చినవి. కొనువాడు రెంటిని చించి అరచేతిలో కలుపుకొనును. ఏమి వేసికొనుచున్నావని అడిగినచో, మసాలా యని చెప్పును.